చిన్న ప్యానెల్‌కి టెక్స్ట్ తెర: జీడి బోర్మా ఉదాహరణతో పూర్తి మార్గదర్శి

పలాస, కాశీబుగ్గ వైపు ఏ జీడి యూనిట్‌లోకి వెళ్లినా ప్యానెల్ బోర్డు చుట్టూ పరిస్థితి దాదాపు ఒకటే. ఒక పక్క ఆవిరి, ఇంకో పక్క పొట్టు, పనివాళ్ల చేతులకి జీడి నూనె. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, సబ్బుతో ఒక పట్టాన వదలదు. అలాంటి చోట టచ్ స్క్రీన్ బిగిస్తే కొన్నాళ్లకే మసకబారుతుంది, ఒకచోట నొక్కితే ఇంకోచోట పని చేస్తుంది. చెడిపోతే బాగుచేసే మనిషి విశాఖపట్నం నుంచి రావాలి. గట్టి బటన్లు నాలుగు, వెలుతురున్న అక్షరాల తెర ఒకటి ఉంటే చిన్న యూనిట్‌కి సరిపోతుంది. కాకపోతే దాన్ని శ్రద్ధగా కట్టాలి.

మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసి, ఇలాంటి తెరని సొంతంగా చేయాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎల్‌సీడీ అయినా, సీరియల్ టెర్మినల్ అయినా, చిన్న లినక్స్ బోర్డు అయినా పద్ధతి ఒకటే. మొత్తం ఒక్క నియమం మీద నడుస్తుంది: తెర మీద ఉన్న ప్రతి అంకె ఈ క్షణపు నిజం అయి ఉండాలి, అలా అని చెప్పలేనప్పుడు ఆ సంగతి తెరే ఒప్పుకోవాలి.

ఉదాహరణకి బోర్మా తీసుకుందాం. కట్ చేసిన పప్పుని పొట్టుతో సహా ట్రేలలో పరిచి, సుమారు 70 డిగ్రీల వేడిగాలిలో గంటల తరబడి ఆరబెట్టే డ్రయ్యర్ అది. తడి మిగిలితే పీలింగ్‌లో పొట్టు ఊడదు. మరీ ఆరితే పప్పు పెళుసెక్కి బద్దలవుతుంది. వేడి మితిమీరితే రంగు మాడి, తెల్ల గుండుగా అమ్ముడుపోవాల్సిన సరుకు స్కార్చ్‌డ్ గ్రేడ్‌లోకి దిగిపోతుంది. మన బోర్మాలో బాయిలర్ ఆవిరి ఒక కాయిల్ గుండా వెళ్తుంది, ఫ్యాన్ ఆ కాయిల్ మీదుగా గాలిని ట్రేల మీదికి తోస్తుంది. ఆవిరికి కరెంటుతో తెరుచుకునే ఒక సోలినాయిడ్ వాల్వ్, గాలి లోపలికి వచ్చే చోట ఒకటి, బయటికి పోయే చోట ఒకటి పీటీ100 సెన్సర్లు (వేడిని బట్టి నిరోధం మారేవి), ఫ్యాన్‌కి కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్), గాలి నిజంగా కదులుతోందో లేదో చెప్పే ప్రెషర్ స్విచ్. ఇంతే సరంజామా.

మొదటి మెట్టు: ఆపరేటర్ పక్కన కూర్చోవడం

కోడ్ మొదలుపెట్టకముందు ఒక షిఫ్ట్ మొత్తం బోర్మా దగ్గరే ఉండండి. ఆపరేటర్ దేన్ని చూస్తున్నాడు, చూశాక ఏం చేస్తున్నాడు అన్నది రాసుకోండి. చూసినా ఏమీ చేయక్కర్లేని అంకెకి మొదటి పేజీలో చోటు లేదు. బోర్మా దగ్గర అడిగే ప్రశ్నలు ఇవి: గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత ఉండాలి, ఫ్యాన్ నడుస్తోందా, ఆవిరి తెరిచి ఉందా, బ్యాచ్ పెట్టి ఎంతసేపైంది, ఇంకెంతసేపు, ఎక్కడైనా తేడా ఉందా. పీఐడీ గెయిన్లు (వేడిని అదుపు చేసే లెక్కలోని గుణకాలు), సెన్సర్ ముడి విలువలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ లాంటివన్నీ రెండో పేజీకి పోవాలి. అవి మనకి కావాలి, అతనికి కాదు.

వాళ్లు వాడే మాటలు కూడా రాసుకోండి. "సెట్ ఎంత పెట్టారు?" అంటారు తప్ప పుస్తకంలో ఉన్న పేరు ఎవరూ అనరు. ఉండాల్సిన ఉష్ణోగ్రతకి తెర మీద కూడా సెట్ అనే ఉండాలి.

రెండో మెట్టు: ఏ తెర కావాలో తేల్చుకోవడం

ఒకటి, 20 అక్షరాలు 4 వరసల ఎల్‌సీడీ. లోపల ఉండేది హిటాచి హెచ్‌డీ44780 లేదా దానికి సరిపోయే చిప్. చవక, గట్టిది, ఎక్కడైనా దొరుకుతుంది. ఒకే మెషిన్, ఐదారు అంకెలు ఉంటే నేను ఇదే ఎంచుకుంటాను. దీనిలో కొత్తవాళ్లని తికమక పెట్టే విషయం వరసల అడ్రస్. మొదటి వరస 0 దగ్గర, రెండోది 64 దగ్గర, మూడోది 20 దగ్గర, నాలుగోది 84 దగ్గర మొదలవుతాయి. మొదటి వరసలో 20 అక్షరాలు దాటి రాస్తే మిగతాది మూడో వరసలో కనిపించేది అందుకే. ప్రతి వరసకీ ముందు అడ్రస్ పంపి, సరిగ్గా 20 అక్షరాలే రాయండి, ఖాళీ మిగిలితే స్పేస్‌లతో నింపండి.

రెండు, సీరియల్ టెర్మినల్. మైక్రోకంట్రోలర్ అక్షరాలు పంపుతుంది, అవతల ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ ప్రోగ్రామో, ప్యానెల్‌లో బిగించిన టెర్మినలో చూపిస్తుంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100 మాట్లాడిన భాషనే ఇప్పటి టెర్మినల్ ప్రోగ్రాములు దాదాపు అన్నీ అర్థం చేసుకుంటాయి. 80 నిలువులు, 24 వరసలు. మూడు నాలుగు బోర్మాలు ఒకే తెర మీద చూడాలంటే ఇది సరైనది.

మూడు, లినక్స్ నడిచే చిన్న బోర్డు, దాని మీద టెక్స్ట్ తెరలు గీసే ఎన్‌కర్సెస్ లైబ్రరీ. డేటా దాచుకోవాలి, దూరం నుంచి చూడాలి అంటే దీనికి వెళ్లండి. కానీ వాల్వ్‌ని తిప్పే పని మాత్రం ఆ బోర్డుకి ఇవ్వకండి. అది మైక్రోకంట్రోలర్ దగ్గరో, పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మెషిన్లని నడిపే కంట్రోలర్) దగ్గరో ఉండాలి. లినక్స్ బోర్డు మెమరీ కార్డు పాడైనా బోర్మా నడుస్తూనే ఉండాలి.

ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేస్, పెద్ద జూట్ మిల్లు లాంటి చోట్ల ఇలాంటి తెర ఒక్కటీ చాలదు. అక్కడ రోజుల తరబడి ట్రెండ్ గ్రాఫులు, పెద్ద అలారం చరిత్ర కావాలి. జీడి, రైస్ మిల్లు, ఐస్ ప్లాంటు, ఊరి మంచినీటి పంప్ హౌస్ లాంటి వాటికి మాత్రం ఇది బాగా నప్పుతుంది.

మూడో మెట్టు: గ్రాఫ్ కాగితం మీద గీయడం

ఒక గడికి ఒక అక్షరం చొప్పున తెరని కాగితం మీద గీయండి. ప్రతి అంకెకి శాశ్వతంగా ఒక చోటు. ఉష్ణోగ్రత ఎప్పుడూ ఎడమ పక్క పైనే ఉంటే, ఆపరేటర్ చదవకుండానే దూరం నుంచి చూసి పోల్చుకుంటాడు. అంకెల వెడల్పు కూడా ఇప్పుడే ఖాయం చేయండి. ఉష్ణోగ్రతకి చుక్కతో కలిపి ఐదు గడులు, కుడి వైపుకి సర్ది రాయాలి. అప్పుడు 99.8 నుంచి 100.2కి వెళ్లినా దశాంశ చుక్క కదలదు.

నా అలవాటు ఇది. మొదటి వరసలో మెషిన్ పేరు, గడియారం. దాని కింద అలారం వరస, ఏమీ లేకపోతే అది ఖాళీగానే ఉంటుంది కానీ ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వను. మధ్యలో అంకెలు. అట్టడుగు వరసలో ఈ పేజీలో పని చేసే బటన్ల పేర్లు. బాక్సులు, డబుల్ గీతలు, చుట్టూ అలంకారాలు వద్దు. టెర్మినల్ మారితే మొదట చెడేవి అవే.

రంగులు ఉన్నా వాటిని అలారానికి దాచి ఉంచండి. మామూలు స్థితి అంతా ఒకే రంగులో ఉంటే ఎరుపు కనిపించగానే కన్ను అటు పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు కూడా ఉంటాయి కాబట్టి రంగుతో పాటు మాట కూడా మారాలి.

నాలుగో మెట్టు: కంట్రోల్ వేరు, తెర వేరు

కంట్రోల్ లూప్ సెన్సర్లు చదువుతుంది, వాల్వ్ తెరుస్తుంది, మూస్తుంది. తెర పని చూపించడం, బటన్లు వినడం. ఈ రెండింటి మధ్య ఒక చిన్న పట్టిక మాత్రమే ఉండాలి. పట్టికలో ప్రతి విలువకీ మూడు గడులు: విలువ, అది నమ్మదగినదా కాదా, ఆఖరిసారి ఎప్పుడు తాజాగా వచ్చింది. కంట్రోల్ రాస్తుంది, తెర చదువుతుంది. చదివేటప్పుడు సగం పాతది, సగం కొత్తది రాకుండా మొత్తం పట్టికని ఒక్కసారిగా కాపీ చేసుకోండి. 8 బిట్ చిప్‌లో 16 బిట్ల అంకె చదువుతుండగా మధ్యలో ఇంటరప్ట్ వస్తే తెర మీద ఒక్క క్షణం వింత ఉష్ణోగ్రత మెరుస్తుంది. కాపీ చేసే ఆ కాస్త సేపూ ఇంటరప్ట్‌లు ఆపితే చాలు.

ఎదురు దిశలో, తెర నుంచి కంట్రోల్‌కి, విలువలు నేరుగా వెళ్లకూడదు. "సెట్ 72 చేయమంటున్నారు" అనే విన్నపం ఒక క్యూలో పడాలి. కంట్రోల్ దాన్ని తీసుకుని, హద్దులు మళ్లీ సరిచూసి, ఒప్పుకుంటే తన సెట్ మార్చుకుంటుంది. తెర మీద కనిపించే సెట్ ఎప్పుడూ కంట్రోల్ దగ్గర నుంచి తిరిగి వచ్చినదే కావాలి, ఆపరేటర్ టైప్ చేసినది కాదు.

వాచ్‌డాగ్‌ని, అంటే గడువులోగా తట్టకపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్‌ని, కంట్రోల్ లూప్ ఒక్కటే తడుతుండాలి. టైమర్ ఇంటరప్ట్‌లో ఆ పని పెడితే లూప్ చచ్చిపోయినా వాచ్‌డాగ్ నిద్రపోతూనే ఉంటుంది.

ఐదో మెట్టు: బైట్ల లెక్క

సీరియల్ టెర్మినల్ వాడేవాళ్లు ఈ లెక్క ముందే చేసుకోవాలి. 9600 బాడ్, 8 బిట్లు, ప్యారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అంటే అక్షరానికి 10 బిట్లు, సెకనుకి 960 అక్షరాలు. నిండు తెర 80 ఇంటూ 24, అంటే 1920 అక్షరాలు. తెర మొత్తం ఒకసారి గీయడానికి రెండు సెకన్లు పడుతుంది. ప్రతిసారీ చెరిపి మళ్లీ గీస్తే తెర మిణుకు మిణుకుమంటుంది, అంకెలు పాతబడతాయి, ఆపరేటర్‌కి కళ్లు నొప్పులు.

115200 పెడితే అదే తెర సెకనులో ఆరో వంతులో వచ్చేస్తుంది. అయినా నేను తీగ పొడవుగా ఉన్నచోట 9600 దగ్గరే ఆగుతాను. మారిన అంకెనే పంపితే ఆ వేగం ధారాళంగా సరిపోతుంది. ఎలాగో చూడండి. కర్సర్‌ని ఒక చోటికి తీసుకెళ్లడానికి 7 బైట్లు, అంకెకి 5, మొత్తం 12. పది అంకెలు సెకనుకి రెండుసార్లు మారినా 240 బైట్లే. లైన్‌లో నాలుగో వంతు.

కావాల్సిన ఆదేశాలు చాలా తక్కువ. బైట్ల విలువలు దశాంశంలో ఇస్తున్నాను, నేరుగా పంపవచ్చు:

తెర మొత్తం చెరపడానికి: 27 91 50 74
కర్సర్‌ని 5వ వరస, 20వ నిలువుకి: 27 91 53 59 50 48 72
కర్సర్ ఉన్నచోటి నుంచి వరస చివరి దాకా చెరపడానికి: 27 91 75
అక్షరం, వెనక రంగు తారుమారు చేయడానికి: 27 91 55 109
మళ్లీ మామూలుకి: 27 91 48 109
కర్సర్ కనపడకుండా చేయడానికి: 27 91 63 50 53 108

అన్నిటికీ ముందు ఉన్న 27 ఎస్కేప్, 91 ఎడమ చదరపు బ్రాకెట్. వరసలు, నిలువులు 1 నుంచి లెక్క, 0 నుంచి కాదు. వీటితోనే మొత్తం ఇంటర్‌ఫేస్ అయిపోతుంది. ఇంతకు మించి వాడితే ఏదో ఒక టెర్మినల్‌లో తేడా వస్తుంది.

మారినదే పంపడానికి రెండు మార్గాలున్నాయి. మెమరీ ఉంటే తెరకి రెండు కాపీలు పెట్టుకోండి, ఉండాల్సింది ఒకటి, ఇప్పటికే పంపినది ఒకటి. గడికి అక్షరం, రంగు కలిపి రెండు బైట్లు అనుకుంటే ఒక కాపీ 3840 బైట్లు, రెండూ 7680. 20 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఎస్‌టీఎం32 చిప్‌లో హాయిగా పడుతుంది. 2 కిలోబైట్లే ఉన్న ఏటీమెగా328లో అస్సలు పట్టదు. అక్కడ తెర మొత్తం కాకుండా, ఒక్కో అంకెకి ఆఖరున పంపిన విలువ మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఈ పద్ధతికి ఒక లోటుంది. టెర్మినల్ ప్లగ్ తీసి మళ్లీ పెడితే అవతల పాత తెర పోయింది, మనమేమో మారినవే పంపుతున్నాం. అందుకే కంట్రోల్ ఎల్, అంటే 12 బైటు వస్తే మొత్తం మళ్లీ గీయాలి. దానితో పాటు సెకనుకి ఒక వరస చొప్పున అన్నిటినీ వంతులవారీగా మళ్లీ పంపుతూ ఉండండి. తీగలో దూరిన చెత్త అక్షరం ఏదైనా ఉంటే 24 సెకన్లలో అదే సర్దుకుంటుంది.

ఆరో మెట్టు: తెర ఎప్పుడూ కంట్రోల్‌ని ఆపకూడదు

అక్షరం పంపే ఫంక్షన్ "పోర్ట్ ఖాళీ అయ్యేదాకా ఆగు" అనే రకం అయితే, 200 అక్షరాలు పంపేసరికి 9600 దగ్గర కంట్రోల్ లూప్ సెకనులో ఐదో వంతు నిలబడిపోతుంది. కాబట్టి ఒక రింగ్ బఫర్ పెట్టండి. తెర కోడ్ అందులో పడేస్తుంది, యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) ఇంటరప్ట్ ఒక్కొక్కటే తీసి పంపుతుంది. బఫర్ నిండితే తెర కోడ్ ఆగకుండా వెనక్కి వచ్చేయాలి, మిగతాది తర్వాతి వంతులో పంపుకుంటుంది.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉన్న లైన్ మీద ఎవరైనా కంట్రోల్ ఎస్ నొక్కితే 19 బైటు వెళ్తుంది. "పంపడం ఆపు" అని దాని అర్థం. కంట్రోల్ క్యూ, అంటే 17 వచ్చేదాకా అవతలి వైపు ఒక్క అక్షరం పంపదు. తెర గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. అంతటితో పోతే సరే. ఆగి పంపే రకం ఫంక్షన్ వాడి ఉంటే కంట్రోల్ లూప్ కూడా అక్కడే ఆగిపోతుంది, ఆవిరి వాల్వ్ తెరిచి ఉంటే తెరిచే ఉంటుంది. ఒక్క బటన్ నొక్కుతో బోర్మా అదుపు తప్పడం అంటే ఇదే. మీ కోడ్‌లో ఫ్లో కంట్రోల్ ఆపేయండి, టెర్మినల్ సెట్టింగ్‌లోనూ ఆపేయండి, పంపే ఫంక్షన్ ఎప్పుడూ ఆగనిదిగా రాయండి. మూడూ చేయాలి.

ఏడో మెట్టు: ఆదేశం ఒకటి, జరిగింది ఒకటి

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఒక యూనిట్‌లో ఆపరేటర్ సూపర్‌వైజర్‌ని పిలిచి, "ఏటి బాబూ, ఫ్యాన్ ఆన్ అని రాసుంది, గాలేదీ?" అని అడగడం విన్నాను. బెల్ట్ తెగింది. మోటార్ తిరుగుతోంది, కాంటాక్టర్ పట్టే ఉంది, ప్రోగ్రామ్ ఫ్యాన్‌ని ఆన్ చేయమని చెప్పింది కాబట్టి తెర ఆన్ అని రాసింది. గాలి మాత్రం లేదు. ఆ తెర చూపించింది ప్రోగ్రామ్ కోరికని, బోర్మాలో జరుగుతున్నదాన్ని కాదు.

కాబట్టి ప్రతి కదిలే వస్తువుకీ రెండు సంగతులు విడిగా తెలియాలి. ఏం చేయమన్నాం, ఏం జరిగింది. ఫ్యాన్‌కి నాలుగు స్థితులు రాయండి. ఆపమన్నాం, గాలి లేదు: ఆఫ్. నడవమన్నాం, గాలి ఉంది: నడుస్తోంది. నడవమన్నాం, ఇంకా గాలి రాలేదు: మొదలవుతోంది, దీనికి పది సెకన్ల లాంటి గడువు పెట్టి, దాటితే అలారం. ఆపమన్నాం, గాలి ఇంకా ఉంది: ఇది కూడా గడువు దాటితే అలారమే, కాంటాక్టర్ అతుక్కుపోయి ఉండొచ్చు. కాంటాక్టర్ సహాయక కాంటాక్ట్ నుంచి తీసుకున్న ఫీడ్‌బ్యాక్ చాలదని గమనించండి. అది కాంటాక్టర్ పట్టిందని చెబుతుంది, బెల్ట్ సంగతి దానికి తెలియదు. ప్రెషర్ స్విచ్ పెట్టింది అందుకే.

సెన్సర్ విషయంలోనూ అంతే. పీటీ100 తీగ తెగితే నిరోధం ఆకాశానికి పోతుంది, షార్ట్ అయితే పాతాళానికి. ఆ రెండు సందర్భాల్లోనూ ఆఖరి మంచి అంకె తెర మీద నిలిచిపోవడం కన్నా ఘోరం లేదు. 69.8 అని కనిపిస్తుంటే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. ఆ చోట ఐదు గీతలు పెట్టి, పక్కన "సెన్సర్ కట్" అని రాయండి. 4 నుంచి 20 మిల్లీయాంప్‌ల ట్రాన్స్‌మిటర్ వాడితే ఈ పని ఇంకా తేలిక. మంచి సెన్సర్ 4 కన్నా బాగా కిందికి రాదు, 3.6 కన్నా తగ్గిందంటే తీగో ట్రాన్స్‌మిటరో పోయినట్టే.

విలువలు మోడ్‌బస్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) మీద వేరే కంట్రోలర్ నుంచి వస్తుంటే వయసు కూడా చూడాలి. వరసగా మూడు జవాబులు రాకపోతే ఆ విలువ పాతది. అంకె స్థానంలో గీతలు పెట్టి, ఆఖరి జవాబు ఎంతసేపటి కిందటిదో కింద చూపండి.

ఇక గుండె చప్పుడు. తెర మూలన ఒక గడిలో తిరిగే గీత పెట్టడం చాలామంది చేస్తారు. దాన్ని తిప్పేది ఎవరన్నదే ముఖ్యం. తెర కోడ్ తిప్పితే, కంట్రోల్ లూప్ ఆగిపోయినా గీత హుషారుగా తిరుగుతూనే ఉంటుంది. కంట్రోల్ లూప్ ప్రతి చుట్టుకీ పట్టికలో ఒక లెక్క పెంచాలి, గీత ఆ లెక్కని బట్టి తిరగాలి. గీత ఆగిందంటే కంట్రోలో తెరో ఏదో ఒకటి ఆగింది, అంకెల్ని నమ్మొద్దు అని ఆపరేటర్‌కి మొదటి రోజే చెప్పండి.

ఎనిమిదో మెట్టు: బటన్లు, సెట్ మార్చడం

ఫంక్షన్ కీలు ఒక్కో టెర్మినల్ ఒక్కోలా పంపుతుంది. వాటి జోలికి పోకుండా అంకెలు, ఎంటర్, ఎస్కేప్‌తో సరిపెట్టండి. ఎంటర్ అంటే 13. వెనక్కి చెరిపే కీ కొన్నిట్లో 8, కొన్నిట్లో 127 పంపుతుంది, రెండిటినీ ఒప్పుకోండి. బాణం కీలు వాడితే ఒక చిక్కు ఉంది. పై బాణం 27 91 65 పంపుతుంది, ఎస్కేప్ ఒక్క 27 పంపుతుంది. 27 రాగానే రద్దు చేసేయకుండా 50 మిల్లీసెకన్లు ఆగి చూడండి. 9600 దగ్గర మూడు బైట్లకి పట్టేది మూడు మిల్లీసెకన్లు చిల్లర, కాబట్టి ఆ గడువు ధారాళం. ప్యానెల్ బటన్లయితే 20 నుంచి 50 మిల్లీసెకన్ల డీబౌన్స్ (ఒక్క నొక్కుని పలుసార్లుగా లెక్కించకుండా ఆగడం) మర్చిపోకండి.

సెట్ మార్చేటప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన కనపడాలి: "సెట్ 70.0, కొత్తది 72.0, ఎంటర్ నొక్కితే ఖాయం." హద్దులు దాటితే ఊరికే తిరస్కరించకుండా "40 నుంచి 85 లోపు ఇవ్వండి" అని చెప్పాలి. 70 బదులు 700 కొట్టడం ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. ఇరవై సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే సగం టైప్ చేసినది వదిలేసి మామూలు తెరకి వచ్చేయాలి. లేకపోతే తర్వాత వచ్చినవాడు నొక్కే మొదటి ఎంటర్ ఇంకెవరిదో సెట్‌ని ఖాయం చేస్తుంది.

ఎమర్జెన్సీ స్టాప్ తెరలో పెట్టకండి. అది ఎర్ర పుట్టగొడుగు బటన్, ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా నేరుగా కాంటాక్టర్, వాల్వ్ కాయిల్ కరెంటు తెంచాలి. వేడి హద్దు దాటితే ఆవిరి మూసే విడి థర్మోస్టాట్ కూడా అలాగే. ఈ మాటలో రాజీ లేదు.

తొమ్మిదో మెట్టు: అలారాలు

ఒక అలారానికి మూడు దశలు చాలు. కొత్తగా వచ్చింది, ఎవరూ చూడలేదు: తారుమారు రంగులో మెరుస్తుంది, బజర్ మోగుతుంది. ఆపరేటర్ ఏక్ (చూశానని చెప్పే బటన్) నొక్కాడు: మెరుపు ఆగుతుంది, బజర్ ఆగుతుంది, మాట మాత్రం ఉంటుంది. కారణం తొలగిపోయింది: మాట కూడా పోతుంది. ఏక్ నొక్కకముందే కారణం పోయినా ఏక్ నొక్కేదాకా ఉంచండి, రాత్రి వచ్చి పోయిన తేడా పొద్దున్న సూపర్‌వైజర్‌కి తెలియాలి.

బెల్ట్ తెగితే ముందు గాలి లేదనే అలారం, వెంటనే ఆవిరి ట్రిప్, కాసేపటికి ఉష్ణోగ్రత తక్కువ అని వరసగా పడతాయి. మొదట వచ్చినదాన్ని టైముతో సహా పైన ఉంచండి, మిగతావి దాని కింద. ఆఖరున వచ్చినది పైన పెడితే ఆపరేటర్ బాయిలర్ దగ్గరికి పరిగెడతాడు, తెగిన బెల్ట్ ఇక్కడే ఉంటుంది. మాట కూడా ఏం చేయాలో చెప్పాలి. "లోపం 17" అన్నది ఎవరికీ పనికిరాదు. "గాలి లేదు, ఫ్యాన్ బెల్ట్ చూడండి" అంటే అతను నేరుగా అక్కడికి వెళ్తాడు.

పదో మెట్టు: తెలుగులో చూపించాలా?

చూపించాలనే నా కోరిక. కానీ టెర్మినల్‌లో తెలుగు కుదురుగా కూర్చోదు. టెర్మినల్ ఒక గడికి ఒక అక్షరం అనుకుంటుంది. "క్షి" అనే ఒక్క అక్షరంలో నాలుగు యూనికోడ్ సంకేతాలున్నాయి, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్ల చొప్పున పన్నెండు బైట్లు. ఎన్ని గడులు పడుతుందో ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కోలా లెక్కేస్తుంది, పక్క అంకెలన్నీ చెదిరిపోతాయి. లినక్స్ ఉత్త కన్సోల్‌కి వత్తులు, గుణింతాలు కూర్చడమే రాదు. 20 ఇంటూ 4 ఎల్‌సీడీలో సొంతంగా గీసుకోగలిగిన అక్షరాలు ఎనిమిదే.

తెలుగు గట్టిగా కావాలంటే 128 ఇంటూ 64 చుక్కల గ్రాఫిక్ ఎల్‌సీడీ తీసుకోండి. కావాల్సిన మాటలన్నీ ముందే కంప్యూటర్‌లో బొమ్మలుగా మార్చి ఫ్లాష్‌లో పెట్టేయండి. 64 ఇంటూ 16 చుక్కల మాటకి 128 బైట్లు, నలభై మాటలకి 5 కిలోబైట్లు. ఏటీమెగా328 లాంటి చిన్న చిప్ కూడా మోస్తుంది. అంకెలు మాత్రం మామూలు ఫాంట్‌తో రాసుకోవచ్చు. అలారం మాటలు తెలుగులో కనపడితే రాత్రి షిఫ్ట్‌లో కొత్త మనిషి కూడా తడుముకోడు.

టెర్మినలే వాడాల్సి వస్తే అందరి నోటా నలిగిన టెంప్, ఫ్యాన్, సెట్ లాంటి మాటలనే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంచి, ప్రతి అలారానికీ ఏం చేయాలో తెలుగులో ప్రింట్ చేసి, లామినేషన్ చేయించి ప్యానెల్ పక్కన బిగించండి. పలాస, ఇచ్ఛాపురం వైపు ఒడియా చదివేవాళ్లు ఉంటే ఇంకో షీట్.

పదకొండో మెట్టు: కరెంటు పోయి వచ్చినప్పుడు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు పోవడం అంటే ఏమిటో ఆ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో కూడా పోతుంది, వస్తుంది, జనరేటర్ మీదికి మారుతుంది.

ఆవిరి వాల్వ్ కరెంటు లేకపోతే మూసుకునే రకం కావాలి. కరెంటు తిరిగి రాగానే బోర్మా దానంతట అది మొదలుకాకూడదు, ఎవరైనా ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టి ఉండొచ్చు. తెర ఇలా అడగాలి: "కరెంటు 14:20కి పోయింది, 14:52కి వచ్చింది, 32 నిమిషాలు. బ్యాచ్ కొనసాగించాలా?" దీనికి బటన్ సెల్ ఉన్న గడియారం చిప్ ఒకటి కావాలి. ఆ 32 నిమిషాలు ఆరబెట్టిన టైములో కలపాలా వద్దా అన్నది ఆపరేటర్ నిర్ణయం, పప్పు చేత్తో నలిపి చూసి అతను చెబుతాడు. మన పని అంకె దాచకుండా చూపించడం.

సెట్, బ్యాచ్ టైము ఈఈప్రామ్‌లో రెండు కాపీలుగా, చెక్‌సమ్‌తో (అంకెలు పాడయ్యాయో లేదో తేల్చే లెక్కతో) దాచండి. ఏటీమెగా328 లాంటి ఏవీఆర్ చిప్‌ల ఈఈప్రామ్ ఒక్కో గడి లక్ష రాతల దాకా హామీ. బ్యాచ్ టైము సెకనుకొకసారి ఒకే చోట రాస్తే ఆ లక్ష ఒక రోజు చిల్లరలో అయిపోతుంది. నిమిషానికొకసారి, చోట్లు మార్చుకుంటూ రాయండి, లేదా రాతలకి దాదాపు అరగని ఎఫ్‌ర్యామ్ చిప్ వాడండి.

వైరింగ్ గురించి కొద్దిగా

ఆర్‌ఎస్-232 పదిహేను మీటర్ల లోపుకే. అంతకు మించితే ఆర్‌ఎస్-485, ట్విస్టెడ్ పెయిర్ తీగ, రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేషన్. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) మోటార్ కేబుల్‌తో ఒకే ట్రేలో సిగ్నల్ తీగ పరిగెత్తించకండి. తెర మీద అప్పుడప్పుడు పిచ్చి అక్షరాలు వస్తే నూటికి తొంభై పాళ్లు కారణం అక్కడే దొరుకుతుంది. బాక్సు ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనిది), బటన్లు మెంబ్రేన్ కింద ఉన్నవి.

దూరం నుంచి చూడాలంటే 4జీ మోడెమ్ మీద టెక్స్ట్ తెర హాయిగా వస్తుంది, సిగ్నల్ కాస్త బలహీనంగా ఉన్నా. కానీ వీపీఎన్ లేకుండా పోర్ట్ తెరవకండి, దూరం నుంచి చూడటమే తప్ప మార్చడం ఉండకూడదు.

ఆఖరి మెట్టు: పరీక్ష, అప్పగింత

తెర కోడ్‌ని ల్యాప్‌టాప్‌లో కూడా కంపైల్ అయ్యేలా రాయండి. కంట్రోల్ స్థానంలో ఒక ఉత్తుత్తి బోర్మా, అంటే వాల్వ్ తెరిస్తే మెల్లగా వేడెక్కి, మూస్తే చల్లారే పది లైన్ల ఫంక్షన్ పెడితే, మెషిన్ దగ్గరికి వెళ్లకముందే అన్ని పేజీలూ తిప్పి చూడొచ్చు.

ప్యానెల్ దగ్గర మాత్రం అసలు తీగలతోనే చూడాలి. పీటీ100 విప్పి దాని బదులు నిరోధకాలు పెట్టండి. 120 ఓమ్ పెడితే తెర 51, 52 మధ్య చూపాలి, 130 ఓమ్ పెడితే 77, 78 మధ్య. 70 డిగ్రీలకి సుమారు 127 ఓమ్. తర్వాత తీగ పీకేయండి, గీతలు రావాలి, ఆవిరి మూసుకోవాలి. రెండు తీగలూ కలపండి, మళ్లీ అదే జరగాలి. ప్రెషర్ స్విచ్ గొట్టం ఊడదీయండి, పది సెకన్లలో బెల్ట్ అలారం రావాలి. టెర్మినల్ ప్లగ్ పీకి, వాల్వ్ చప్పుడు వినండి, అది మునుపటిలాగే పని చేస్తుండాలి. కంట్రోల్ ఎస్ నొక్కండి. అన్ని బటన్లూ అరచేత్తో ఒకేసారి నొక్కండి. బ్యాచ్ మధ్యలో మెయిన్ స్విచ్ దించి, పది నిమిషాలాగి ఎత్తండి.

ఇవన్నీ ఆపరేటర్ ముందే చేయండి. సెన్సర్ తెగితే తెర ఎలా ఉంటుందో అతను కళ్లారా చూసి ఉండాలి. ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అతికించండి: బాడ్ రేటు, కనెక్టర్‌లో ఏ పిన్ ఏది, సాఫ్ట్‌వేర్ వెర్షన్, తేదీ, సెట్ హద్దులు, ఏ నిరోధకానికి ఎంత చూపాలో రెండు అంకెలు. ఎలక్ట్రీషియన్ చేతిలో రెండు నిరోధకాలు కూడా పెట్టండి, అనుమానం వచ్చినప్పుడు అతనే సరిచూసుకుంటాడు.